వంక బంగారం పుట్టుపూర్వోత్తరాలు

గని రిపోర్టులో రెండో అధ్యాయాన్ని ఎవరూ చదవరు. అందుకే దాన్ని ఎప్పుడూ నాకు అప్పగించేవారు.

మొదటి అధ్యాయంలో బ్లాకు ఎక్కడుంది, దారి ఎలా ఉంది, దగ్గర్లో రైలు ఎక్కడ ఆగుతుంది అన్న సంగతులుంటాయి. అవి డ్రైవర్లకు పనికొస్తాయి. మూడో అధ్యాయం రాళ్ళ గురించి. రాళ్ళంటే ప్రేమ ఉన్నవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు కాబట్టి అదీ చదువుతారు. చివరి అధ్యాయంలో ఎంత వస్తుందో రాసి ఉంటుంది. పెద్దవాళ్ళు రిపోర్టును వెనక నుంచి తెరిచేది అందుకే. ఇక రెండోది ‘పూర్వ చరిత్ర’. ఈ నేలలో ఇంతకుముందు ఎవరు తవ్వారు, ఏం దొరికింది, ఎందుకు మానేశారు అన్నవి అందులో రాయాలి. మానేసిన కారణం సరిగ్గా రాస్తే మిగతా అధ్యాయాలు రాయనక్కర్లేదు. అందుకని దాన్ని ఎవరూ సరిగ్గా రాయరు.

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలిద్దరు కర్నూల్లో మా ఇంటికి వచ్చి, “సార్, హిస్టరీ చాప్టరు పాత రిపోర్టులోంచి ఎత్తి పెట్టేస్తే నడుస్తుందా?” అని వినయంగా అడిగారు. నడుస్తుంది నాయనా, పరుగెత్తుతుంది. సర్వీసంతా నేను చూసింది అదే. ఒక్క బ్లాకు విషయంలో మాత్రం కుదర్లేదు, ఎందుకంటే ఎత్తి రాయడానికి అక్కడ పాత రిపోర్టు లేదు. ఆ కథ వాళ్ళకు చెప్పాను. టీ చల్లారిపోయేదాకా విన్నారు కాబట్టి మీకూ చెబుతాను.

కోడుమూరు దాటి పడమటికి పోతే ఎర్రనేలల మధ్య ఒక వంక ఉంది. వాగు లాంటిదే, కాకపోతే నీళ్ళ విషయంలో కొంచెం మొహమాటం ఎక్కువ. వానాకాలంలో నాలుగు రోజులు పారుతుంది. మిగతా ఏడాదంతా ఇసుక మీద మేకలు తిరుగుతాయి. ఆ ఇసుకలో బంగారం ఉందని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఇది వింతేమీ కాదు. ఆ వైపు కొండల్లో బంగారపు రాయి ఉంది. అది ఎండకూ వానకూ అరిగి, రేణువులై వంకల్లోకి కొట్టుకొచ్చి, బరువు వల్ల ఇసుక అడుగున కూర్చుంటుంది. దాన్ని కడిగి తీసుకోవడమే. మా వంకలో ఆ పని ఒక జంట చేసేవారు, యాభై దాటిన మొగుడూ పెళ్ళాం. మరిగె అనే వెడల్పాటి చెక్క పళ్ళెంలో ఇసుక పోసి, నీళ్ళలో గుండ్రంగా తిప్పి, తేలికదాన్నంతా పారబోస్తే చివరికి అడుగున మెరిసేది మిగులుతుంది. ఎక్కువసార్లు ఏదీ మిగలదు.

బెంగళూరు కంపెనీ ఒకటి ఈ వంక మీద మనసుపడింది. ఇసుకనంతా గట్టినేల తగిలేదాకా ఎత్తి, యంత్రాలతో కడిగి, తిరిగి యథాతథంగా పోస్తామని వాళ్ళ మాట. సర్వీసులో నేను చాలా గుంటలు చూశాను, యథాతథాన్ని మాత్రం ఎక్కడా చూడలేదు. ముందస్తు పరిశీలన చేసి రిపోర్టు ఇవ్వాల్సింది మా శాఖ. మా శాఖ అంటే ఆ వంక వరకు మా ఆఫీసరూ, నేనూ.

మా ఆఫీసరు గోదావరి ఒడ్డున పుట్టినవారు. నీళ్ళు లేనిదాన్ని ఏరుగా లెక్కగట్టడమే ఆయనకు కష్టంగా ఉండేది. మంచి మనిషి. రిటైరయ్యేలోగా తన పేరు మీద ఏదో ఒకటి కనిపెట్టాలని కోరిక. అప్పటిదాకా ఆయన కనిపెట్టింది సున్నపురాయి. కర్నూలు జిల్లాలో సున్నపురాయి కనిపెట్టడమంటే పెళ్ళిలో చుట్టాల్ని కనిపెట్టడం లాంటిది. దాంతో బంగారం అనగానే ఆయనకు పదేళ్ళు వయసు తగ్గింది. వంకలో నాకంటే ముందు నడిచేవారు.

క్యాంపుకు వంట ఊళ్ళోని ఒక రైతక్క చేసిపెట్టేది. కరోనా అప్పుడు భర్త పోయాడు. పిల్లల చదువులూ, సేద్యమూ అన్నీ ఆమె మీదే పడ్డాయి. వంక గట్టునే ఆమె చేను, అందులో ఒక పాత దిగుడుబావి. ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయినా ఆ బావి ఎండదు. వంక ఇసుక వాననీళ్ళను తాగి దాచుకుని, కొంచెం కొంచెంగా ఆమె బావిలోకి వదులుతూ ఉంటుంది. దాని మీద ఆమె టమాటా పండిస్తుంది. ఎండాకాలంలో సగం ఊరు బిందెలు పట్టుకొని అక్కడికే వస్తుంది.

మొదటి రోజే జొన్నరొట్టె వడ్డిస్తూ అడిగింది.

“సారూ, ఇసకంతా ఎత్తుతారంట గదా?”

“ఎత్తి, కడిగి, మళ్ళీ పోస్తారక్కా.”

“కడిగి పోస్తే నా బాయిలో నీళ్ళుంటాయా, పోతాయా? అదొక్కటి చెప్పు. బంగారం సంగతి నాకొద్దు.”

“రిపోర్టు వచ్చాక తెలుస్తుంది.”

“రిపోర్టు రాసేది నువ్వే గదప్పా?”

“అవును.”

“నీకు తెల్దంటాండావు. మరి దాంట్లోకి యాడ నుంచి వస్తాది?”

దీనికి జవాబు మా శాఖ మాన్యువల్లో లేదు. ఇంకో రొట్టె వేయించుకున్నాను. ఆమె ఆ ప్రశ్నను వదల్లేదు. రోజూ రొట్టెతో పాటు వడ్డించేది. నిజం చెప్పాలంటే జవాబు నాకు తెలుసు. ఇసుక పోతే బావి పోతుంది. దానికి భూగర్భశాస్త్రం అక్కర్లేదు. కానీ తెలిసినదాన్ని రిపోర్టులోకి ఎక్కించాలంటే పైవాళ్ళకు అవసరం ఉండాలి. బావి ఒక్కటే అడ్డమైతే దానికి నష్టపరిహారం అనే కాలమ్ ఉంది, అందులో రాసేసి ముందుకు పోతారు.

ఈలోగా నేను చరిత్ర సేకరించాలి కాబట్టి సేకరించాను. ఊరి పెద్దాయన దగ్గర మొదలుపెట్టాను. వంకకు రెండు పక్కలా ఆయనకు భూములున్నాయి, కర్నూల్లో కాంట్రాక్టులున్నాయి, ఇంట్లో మంచం పట్టిన ముసలి తండ్రి ఉన్నాడు. కంపెనీ వస్తే భూములకు రేటు వస్తుందని ఆయన ఆశ.

“రాసుకో సార్. పాలెగాళ్ళ కాలంలో మా వాళ్ళ ఇంటి మీద దొంగలు పడితే, బంగారమంతా తెచ్చి ఈ వంకలో పూడ్చినారు. అదే ఇప్పుడు పైకొస్తాంది. న్యాయంగా చూస్తే కంపెనీ దుడ్లు మాకే కట్టాల.”

రాసుకున్నాను. ఇసుక కడిగే ఆయన కథ వేరు.

“రాయలోరి బంగారు బండి పైన యాడనో బోల్తా కొట్టిందంట సారూ. ఆ బండి మాత్రం ఎవురికీ దొరకల్యా.”

“మీ నాయన కాలంలో ఎట్లుండె?”

“శానా పడుతాండె. గత్తరొచ్చిన యేడు అయితే మా నాయన దినమంతా వంకలోనే ఉండెనంట. మాయమ్మకు కమ్మలు చేపిచ్చింది ఆ యేడే.”

“ఈమధ్య?”

“మద్దెలో సప్పగా ఉండె. కరోనా వచ్చినప్పుడు మళ్ళా బాగా పడింది.”

ఇది విని మా ఆఫీసరు కుర్చీలోంచి లేచారు.

“చూశారండీ? గత్తర అంటే కలరా. కలరా ఎప్పుడొస్తుంది? వానలు ఎక్కువైనప్పుడు. కరోనా యేడు వానలు ఎలా పడ్డాయి?”

“బాగా పడ్డాయి సార్.”

“అదన్నమాట! వానలొస్తే వంక పారుతుంది, వంక పారితే కొత్త బంగారం దిగుతుంది. రాయండి.”

రాశాను. అంతటితో ఊరుకోకుండా గ్రాఫు కూడా గీశాను. వానల గీత, బంగారం గీత పక్కపక్కనే లేస్తూ, పక్కపక్కనే పడుతూ, కొత్త దంపతుల్లా నడిచాయి. అంత అందమైన గ్రాఫు నా సర్వీసులో మరొకటి లేదు.

ఆ తర్వాత నమూనాలు. వంక పొడుగునా గుంటలు తీసి, ఇసుక కడిగించి చూశాం. ఎగువన ఏమీ లేదు. దిగువన ఒక చోట నుంచి మొదలై వంపు తిరిగేదాకా ప్రతి గుంటలోనూ రేణువులే. ఆ చోటు ఊరి శ్మశానం. మా ఆఫీసరు పటం మీద పెన్సిలు పెట్టి నన్ను పరీక్షించారు.

“ఏవండీ, పైన లేదు, కింద ఉంది. అంటే మూలం ఎక్కడున్నట్టు?”

“మధ్యలో సార్.”

“మధ్యలో ఏముంది?”

“శ్మశానం సార్.”

“శ్మశానంలో?”

“అక్కడ మనం తవ్వలేదు సార్.”

“అదే కదండీ మరి! మూలం అక్కడే ఉంది!”

ఇంత చక్కటి తర్కం నేను మళ్ళీ వినలేదు. ఇప్పటికీ అందులో ఒక్క అక్షరం తప్పు పట్టలేను. పటం మీద ఆ చోట ఎర్ర చుక్క పెట్టి, పక్కన ‘శ్మశానం, తరలించవచ్చు’ అని రాశారు.

రేణువులు సామాన్యంగా పలచగా, రేకుల్లా ఉంటాయి. ఇవి చాలావరకు గుండ్రంగా, ఆవగింజల్లా ఉన్నాయి. అది నాకు కొంచెం తేడాగా అనిపించి అడిగాను.

“దూరం నుంచి దొర్లి వచ్చాయండీ, అందుకే గుండ్రం,” అన్నారు.

“మూలం పక్కనే ఉందన్నారు కదా సార్?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, “పక్కనే అటూ ఇటూ దొర్లాయి,” అన్నారు.

ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. బంగారంలో రాగి కలిసి ఉందట, అదీ బాగానే. వంక బంగారంలో వెండి ఉండటం మామూలు. రాగి ఇంత ఉండటం మామూలు కాదు. ఇక్కడ ఎవరైనా ఆగి ఆలోచించాల్సింది. మేం ఆగలేదు. రాగి నిక్షేపం కూడా ఉందన్న ఆనందంలో దానికి వేరే అధ్యాయం కలిపాం. మిగిలిన రేణువుల్ని ఆఫీసరు చిన్న గాజుసీసాలో పోసి, ఆఫీసులో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టి, శుక్రవారం శుక్రవారం కుంకుమ పెట్టడం మొదలుపెట్టారు.

కంపెనీవాళ్ళు చూడటానికి వచ్చే రోజు ఖాయమైంది. ఒక కన్సల్టెంటు మేడమ్, పెట్టుబడి పెట్టే ఇద్దరు పెద్దమనుషులు. వాళ్ళ ముందు ఇసుక కడిగి చూపించాలి, వాళ్ళు తల ఊపితే లీజు కాగితాలు కదులుతాయి. సరిగ్గా ఆ పొద్దున్నే ఊరి పెద్దాయన తండ్రి పోయాడని కబురు వచ్చింది. మా ఆఫీసరు ఫోన్లో సంతాపం చెప్పి, కార్యక్రమం వాయిదా వేద్దామా అని అడిగారు.

“వాయిదా ఏంటికి సార్?” అన్నాడు పెద్దాయన. “మా నాయన పోయేటప్పుడు గూడా వంక సంగతే అడిగినాడు. మీ పని మీరు చేసుకోండి, మా పని మేం చేసుకుంటాం. రెండూ వంకలోనే గదా.”

కాబట్టి ఆ మధ్యాహ్నం వంకలో రెండు సభలు జరిగాయి. ఒకదానికి షామియానా మా శాఖ వేసింది. రెండోదానికి తప్పెట్లు ముందు నడిచాయి. మేడమ్ మాకంటే చిన్నది, మాకంటే తక్కువ మాట్లాడేది. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. నమూనాల పటాన్ని చేత్తో పట్టుకుని ఇసుకలో నిలబడే చదివింది. పెట్టుబడిదారులు తమ బూట్లలోకి ఇసుక పోకుండా చూసుకుంటున్నారు. కడిగే జంట మరిగెలతో సిద్ధంగా ఉన్నారు. రైతక్క అతిథుల కోసం మజ్జిగ తెచ్చి గట్టు మీద నిలబడింది.

పాడె వచ్చింది. మర్యాదకు మేమంతా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాం. చితి మీద పెట్టాక నోట్లో బియ్యపు గింజలు వేశారు. తర్వాత బంగారం పెట్టాలి. ఎవరైనా పెట్టేది నూకగింజంత తునక. పెద్దాయన ఒకసారి చుట్టూ చూశాడు. కంపెనీవాళ్ళు కనిపించారు. వేలికున్న ఉంగరం తీసి తండ్రి నోట్లో పెట్టాడు.

“ఉంగరమే పెట్టినాడప్పా!” అన్నారు వెనక ఎవరో.

“బెంగుళూరోళ్ళు చూస్తాండారు గదా. తునకైతే కనపడదు,” అన్నారు ఇంకెవరో.

నిప్పు పెట్టారు. పెద్దాయన వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయాడు, అది పద్ధతి. అప్పుడు కడిగే ఆయన భార్య తలమీద కొంగు కప్పుకొని, చేతిలో మరిగెతోనే, అక్కడున్న ఒక ముసలాయన దగ్గరికి పోయి చాలా మర్యాదగా అడిగింది.

“బూడిద ఎప్పుడెత్తుతారప్పా? మూడోనాడేనా?”

“మూడోనాడే. ఏమ్మే, తొందరా?”

“తొందరేం లేదులే. ఊరికే అడిగినా.”

ఆమె మొగుడు గుడ్లురిమాడు. “ఇప్పుడేనా అడిగేది? సార్లు వాళ్ళు ఉండారు!”

“మళ్ళా పక్కూరోళ్ళు ఎవురన్నా వస్తేనో? ఉంగరమప్పా అది!”

మేడమ్ ఈ మాటలు విన్నది. మమ్మల్ని అడిగింది. “బూడిదతో ఆమెకేం పని?”

ఒకసారి ఆలోచించండి. అక్కడున్న తెలుగువాళ్ళం అందరం ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి నోట్లో బంగారం పెట్టినవాళ్ళమే. మా అమ్మ నోట్లో నేను పెట్టాను. మా ఆఫీసరు వాళ్ళ నాన్నగారి నోట్లో పెట్టారు. ఈ ఊళ్ళో బూడిదను వంకలోకే ఊడుస్తారని కూడా మాకు తెలుసు. క్యాంపు వేసిన నెలలో కళ్ళతో చూశాం. కానీ చూసింది ఇంటి మనుషులం. పటం గీసింది ఆఫీసు మనుషులం. వాళ్ళిద్దరికీ ఎప్పుడూ పరిచయం కాలేదు.

మేడమ్ చితివైపు చూసింది. పటం మీది ఎర్ర చుక్కవైపు చూసింది. ల్యాబు కాగితం తిప్పి చూసి నెమ్మదిగా, “రాగి,” అంది.

“అవును మేడమ్!” అన్నారు మా ఆఫీసరు ఉత్సాహంగా. “రాగి కూడా ఉంది. దానికి వేరే చాప్టరు పెట్టాం.”

నగల బంగారంలో రాగి కలుపుతారు. ఆ సంగతి ఆయనకు ఆ వాక్యం పూర్తయ్యే లోపల తట్టినట్టుంది. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఉత్సాహం దిగిపోయింది. గుండ్రటి గింజలు ఎందుకు గుండ్రంగా ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది. మంటలో కరిగినది ఏదైనా చుక్కలాగే గడ్డకడుతుంది. కలరా యేడు, కరోనా యేడు బంగారం ఎందుకు బాగా పడిందో కూడా తెలిసింది. వానలకు దాంతో సంబంధం లేదు. నా గ్రాఫు వరసలో తప్పేమీ లేదు, వానల గీత కింద పేరే మార్చి చావులని రాసుకోవాలి.

“చరిత్ర మీరే రాశారు కదా?” అని మేడమ్ నావైపు తిరిగింది. “మూలం ఏమిటి?”

మా ఆఫీసరు నా చెవిలో, “పరిశోధనలో ఉందని చెప్పండి,” అన్నారు.

ఆ ఒక్క వాక్యం మా శాఖను ఎన్నో గండాల నుంచి కాపాడింది. అది చెబితే ఎవరికీ నష్టం లేదు. కంపెనీ ఇంకా గుంటలు తీస్తుంది, యంత్రం తెప్పించి పరీక్షగా ఒక అర మైలు ఇసుక ఎత్తి చూస్తుంది, చూశాక లేదని తెలుసుకొని పోతుంది. మా ఆఫీసరు ఈలోగా గౌరవంగా రిటైరవుతారు. ఆ అర మైలు ఎక్కడ మొదలవుతుందంటే, శ్మశానం దగ్గర. ఎక్కడ ముగుస్తుందంటే, రైతక్క బావి దాటాక. గట్టు మీద ఆమె మజ్జిగ చెంబు పట్టుకొని నావైపే చూస్తోంది. ఆమెకు రాగి సంగతి తెలియదు, మూలం సంగతి తెలియదు. నేను ఏదో ఒకటి చెప్పబోతున్నానని మాత్రం తెలుసు.

“మూలం దొరికింది మేడమ్,” అన్నాను. “ఇందాక మీ ముందే లోపల పెట్టారు.”

మా ఆఫీసరు కళ్ళు మూసుకున్నారు.

“నిల్వలు?” అంది మేడమ్. మొహంలో ఏ మార్పూ లేదు. మంచి కన్సల్టెంటు.

“నిల్వలు తరగవు మేడమ్. ఊళ్ళో మనుషులున్నంత కాలం వస్తూనే ఉంటాయి. కాకపోతే ఉత్పత్తి పెంచడం మన చేతుల్లో లేదు.”

ఆమె పటం మడిచింది. పెట్టుబడిదారులకు కన్నడంలో నెమ్మదిగా ఏదో చెప్పింది. ఇద్దరిలో లావుగా ఉన్నాయన కాళ్ళకింది ఇసుకవైపు చూసి, ఒక్కొక్క కాలే ఎత్తుకుంటూ గట్టెక్కాడు. మజ్జిగ తాగలేదు. బూట్లు దులిపించుకుని బండెక్కారు. మేడమ్ ఒక్కతే మజ్జిగ అడిగి తాగి, గ్లాసు ఇస్తూ రైతక్కకు దండం పెట్టి వెళ్ళింది.

ఊరి పెద్దాయనకు కబురు అందింది. సాయంత్రం తడిబట్టలతోనే వచ్చాడు.

“ఏం సార్, మా నాయన్ను గనిలో లెక్కేసినావంట?”

“ఆయన ఒక్కర్నే కాదులెండి.”

“కంపెనీ పోయె, భూముల రేటూ పోయె. కనీసం ఒగ మాట ముందే చెప్పింటే ఉంగరమన్నా మిగిలేది గదా!”

ఆయన బాధ నిజమైనదే. మూడోనాడు బూడిద ఎత్తడానికి స్వయంగా జల్లెడ పట్టుకొని వచ్చాడని విన్నాను. కడిగే జంట అంత దూరంలో కూర్చొని, ఆయన పని ఎంత పొందిగ్గా చేస్తున్నాడో చూశారట. ఉంగరం దొరికిందో లేదో ఇటు ఆయనా చెప్పడు, అటు వాళ్ళూ చెప్పరు.

కంపెనీవాళ్ళు వెళ్ళిపోయిన రాత్రి క్యాంపులో భోజనం లేదు, ఆఫీసరు ఉపవాసం. సాయంత్రమే రైతక్క దగ్గరికి గిన్నెలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను.

“కంపెనీ రాదంట గదా?”

“రాదక్కా.”

“అంటే నా బాయి?”

“ఉంటుంది.”

ఆమె తల ఊపింది. సంతోషించినట్టు కనబడలేదు. కాసేపు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి సర్దుతూ ఉండి, తల ఎత్తకుండా అడిగింది.

“మా ఆయన నోట్లో నా ముక్కుపుడక పెట్టినా సారూ. తెంపి, దాంట్లోంచి ఒగ తునక. అది గూడా మీ సీసాలోకి వచ్చినాదా?”

బావి గురించి ఆమె అడిగినప్పుడల్లా నా దగ్గర ఏదో ఒక తప్పించుకునే జవాబు ఉండేది. ఈసారి తప్పించుకోలేదు.

“వచ్చే ఉంటుందక్కా,” అన్నాను.

“అయితే తెచ్చియ్యి,” అంది, సంతలో మర్చిపోయిన సంచి సంగతి చెప్పినట్టు.

సీసా తేవడం కష్టం కాలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి మా ఆఫీసరు గదిలోకి అడుగుపెట్టకుండా వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. లక్ష్మీదేవి పటాన్ని ఎవరిచేతో వేరే గోడకు మార్పించారు. సీసా మాత్రం ఒంటి కుంకుమబొట్టుతో అరలోనే ఉంది.

“ఎన్ని శుక్రవారాలండీ, ఎన్ని శుక్రవారాలు...” అన్నారు.

“నేను తీసుకెళ్ళనా సార్?”

“ఇప్పుడే. నాకు చూపించకుండా.”

ఆయన ఆ వారమే మంత్రాలయం పోయి, తుంగభద్రలో మునిగి వచ్చారు. తర్వాత రిపోర్టు తిరగరాశారు. రాగి అధ్యాయం ఎగిరిపోయింది. నా గ్రాఫు కూడా పోయింది, దానికి మాత్రం బాధపడ్డాను. చరిత్ర అధ్యాయంలో మిగిలింది ఒకే వాక్యం: ‘స్థానిక ఆచారాల కారణంగా వంకలో స్వల్ప పరిమాణంలో బంగారం లభ్యమవుతోంది.’ ఇంత నిజాయితీ గల వాక్యం మా రిపోర్టుల్లో అరుదు. ఎవరూ చదవలేదు. ఆయన సున్నపురాయి మీదే రిటైరయ్యారు. అంతకుముందే నన్ను కడప అవతలి మంగంపేటకు బదిలీ చేయించారు. అక్కడ ఉన్నది ముగ్గురాయి. తెల్లగా, బరువుగా ఉంటుంది, ఎవరూ ఎవరి నోట్లోనూ పెట్టరు. ఆయన నా మేలు కోరే ఆ చోటు ఎంచి ఉంటారని ఇప్పటికీ నమ్ముతాను.

మంగంపేటకు వెళ్ళేముందు సీసా పట్టుకొని ఊరికి పోయాను. ఆమె చేలో ఉంది. చేతులు కొంగుకు తుడుచుకొని సీసా అందుకుంది, ఎండకు ఎత్తి చూసింది.

“ఇంతేనా?”

“ఇంతే అక్కా.”

“దీనికోసమా వంకంతా తవ్వాలనుకున్యారు?”

“అవును.”

“ఇందులో మా ఆయనది ఏది?”

“గుర్తుపట్టలేం. అన్నీ కలిసిపోయినాయి.”

ఆమె సీసాను ఇటూ అటూ తిప్పింది. గింజలు గాజుకు తగిలి చిన్నగా గలగలమన్నాయి.

“పెద్దాయన వాళ్ళమ్మ గూడా దీంట్లోనే ఉంటాదా?”

“ఉండొచ్చు. ఆమె పోయిందీ కరోనా అప్పుడేనంట కదా.”

అంతకాలంలో ఆమె నవ్వగా నేను చూసింది అదొక్కసారే. “ఆయమ్మ గట్టు కాడ నిలబడి మా ఆయన్ని తిట్టని దినం లేకుండె సారూ. జానెడు గట్టు! కోర్టుకు గూడా పోయిరి. ఇప్పుడు చూడు, ఇద్దరూ ఒగ సీసాలో ఎట్ల సర్దుకున్యారో.”

నవ్వు ఆగాక కొంగు కంటికి అడ్డం పెట్టుకుంది. నేను టమాటాల వైపు చూశాను. కాయ బాగా పట్టింది.

వంకలోకి దిగి, బావికి ఎగువన ఇసుకలో మోచేతి లోతు గుంట తీసింది. సీసా బోర్లించి, చివరి గింజ పడేదాకా అడుగున వేలితో తట్టింది. గుంట పూడ్చి, అరచేత్తో సాపు చేసి లేచింది. బావి దగ్గర సీసాను లోపలా బయటా కడిగి, కుంకుమబొట్టు కూడా పోయేదాకా రుద్ది, నా చేతికిచ్చింది.

“సీసా నీది. సర్కారు వస్తువు మాకేంటికి?”

తర్వాత మోటారు వేయడానికి వెళ్ళింది. టమాటాకు నీళ్ళు కట్టే వేళయింది.